రిఫండు దయ కాదు, బాకీ

ఆదాయపు పన్ను రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైతే 5,000 రూపాయల రుసుము. ఆదాయం 5 లక్షలు దాటనివారికి 1,000. కట్టాల్సిన పన్ను మిగిలి ఉంటే దానిపై నెలకు ఒక శాతం వడ్డీ. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. ఇది పౌరుడికి పెట్టిన గడువు. మరి ఆ రిటర్నును పరిశీలించి, ఎక్కువగా పట్టుకున్న సొమ్మును తిరిగి ఇవ్వడానికి ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న గడువు ఎంత? రిటర్ను దాఖలైన ఆర్థిక సంవత్సరం ముగిశాక మరో తొమ్మిది నెలలు. 2025 జూలైలో రిటర్ను వేసిన ఉద్యోగి లెక్క 2026 డిసెంబరు 31న తేల్చినా చట్టం దృష్టిలో ఆలస్యం జరగనట్టే. పదిహేడు నెలలు! ఇంటి కిస్తీనో, పిల్లల కాలేజీ ఫీజునో ఒక్క నెల వాయిదా వేసుకునే స్వేచ్ఛ కూడా లేని వేతన జీవి, తన డబ్బు కోసం అన్ని నెలలు ఎదురుచూడాలన్న నిబంధనను న్యాయమని మేము అనలేము.

ఆదాయపు పన్ను శాఖ పనితీరు గడచిన పదేళ్లలో మెరుగుపడిన మాట నిజం. రిటర్నుల పరిశీలనకు 2013-14లో సగటున 93 రోజులు పట్టేదని, అది 10 రోజులకు తగ్గిందని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2024 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. రిటర్ను వేసిన కొద్ది రోజులకే డబ్బు అందుకున్నవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ఆ ఘనత శాఖ సిబ్బందికి దక్కాల్సిందే. కానీ ఆగిపోయినవారి గోడు సగటు లెక్కలో వినిపించదు. తొమ్మిది మందికి వారంలో వచ్చి పదో మనిషికి ఏడాది దాకా రాకపోతే, ఆ పదో మనిషికి సగటుతో పనేమిటి? పోర్టల్ తెరిచిన ప్రతిసారీ అతడికి కనిపించేది ‘ప్రాసెసింగ్‌లో ఉంది’ అన్న ఒక్క మాటే. ఎందుకు ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, ఇంకెన్నాళ్లు పడుతుంది అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు ఉండదు.

రిఫండు అంటే రాయితీ కాదు, ప్రోత్సాహకం అంతకన్నా కాదు. జీతం నుంచో, బ్యాంకు వడ్డీ నుంచో, వృత్తి ఫీజు నుంచో మూలంలోనే కోసిన పన్ను, అంటే టీడీఎస్, రావలసినదాని కంటే ఎక్కువై ప్రభుత్వం చేతిలో ఉండిపోయిన పౌరుడి సొంత డబ్బు అది. ఒక ఉదాహరణ చూద్దాం. యాభై ఎనిమిదేళ్లకు స్వచ్ఛంద పదవీ విరమణ చేసి, చేతికొచ్చిన సొమ్మంతా ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేసుకున్న వ్యక్తికి ఏటా 6 లక్షల రూపాయల వడ్డీ వస్తుందనుకుందాం. మరో ఆదాయం లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. అయినా బ్యాంకు 10 శాతం చొప్పున 60,000 కోసేస్తుంది. పన్ను పడదు, కోయవద్దు అని బ్యాంకుకు ఫారం ఇద్దామంటే కుదరదు. ఆ ఫారం ఇవ్వాలంటే వడ్డీ మొత్తం 4 లక్షల మౌలిక మినహాయింపు పరిమితిని దాటకూడదు. అరవై నిండినవారికి ఈ షరతు లేదు. ఆయనకు పన్ను లేదని ఒక నిబంధన ఒప్పుకుంటుంటే, కోసి తీరాలని ఇంకో నిబంధన పట్టుబడుతోందన్నమాట. కోత వద్దంటూ శాఖ నుంచి ముందుగా ధ్రువపత్రం తెచ్చుకునే దారి ఒకటి ఉన్నా, అది ఎంతమందికి తెలుసు? 60,000 అంటే నెలకు 5,000. మందుల ఖర్చు, కరెంటు బిల్లు కలిపి చాలా ఇళ్లలో అంతే అవుతుంది. 2025 జూన్‌లో కోసిన ఆ సొమ్ము కోసం ఆయన 2026లో రిటర్ను వేసి, ఆ తరవాత ఎదురుచూడాలి.

ఆ ఎదురుచూపుకు ప్రభుత్వం ఇచ్చే వడ్డీ నెలకు అర శాతం. పౌరుడు బాకీ పడితే ఒక శాతం, ప్రభుత్వం బాకీ పడితే అందులో సగం. ఆ అర శాతం కూడా డబ్బు కోసిన రోజు నుంచి లెక్కకు రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏప్రిల్ 1 నుంచి మాత్రమే మొదలవుతుంది. రిటర్ను గడువు దాటి వేస్తే, వేసిన తేదీ నుంచే. రిఫండు మొత్తం అసలు పన్నులో 10 శాతం లోపుంటే అదీ దక్కదు. వచ్చిన వడ్డీని మళ్లీ ఆదాయంగా చూపి దానిపై పన్ను కట్టాలి. చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని రాజ్యాంగంలోని 265వ అధికరణ శాసిస్తోంది. హక్కు లేకుండా అట్టిపెట్టుకున్న సొమ్మును ప్రభుత్వం వడ్డీతో సహా తిరిగివ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2014లో టాటా కెమికల్స్ కేసులో స్పష్టం చేసింది. 1961 నాటి చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. భాషను సరళం చేశారు, సెక్షన్లను తగ్గించారు. ఈ రెండు వడ్డీ రేట్ల మధ్య తేడాను మాత్రం అలాగే ఉంచారు. అన్నిటికంటే ముందు మేము ప్రశ్నిస్తున్నది దీన్నే.

ఇక రిటర్నుల సీజను నడిచే తీరు. 2024-25 ఆదాయానికి సంబంధించిన ఫారాలు 2025 ఏప్రిల్ నెలాఖరు నుంచి గానీ వెలువడలేదు. మూలధన లాభాలున్నవారికి, వ్యాపారులకు, వృత్తి నిపుణులకు కావలసిన ఐటీఆర్-2, ఐటీఆర్-3 ఫారాల యుటిలిటీలు, అంటే వాటిని నింపే సాఫ్ట్‌వేర్, జూలైలో వచ్చాయి. జూలై 31 గడువును సెప్టెంబరు 15కు మార్చక తప్పలేదు. తీరా ఆ రోజు ముందస్తు పన్ను రెండో వాయిదా కట్టే రోజు కూడా కావడంతో పోర్టల్ మొరాయిస్తోందని దేశం నలుమూలల నుంచీ ఫిర్యాదులు వచ్చాయి. రాత్రి బాగా పొద్దుపోయాక మరొక్క రోజు పొడిగించారు. అప్పటికే 7.3 కోట్లకు పైగా రిటర్నులు దాఖలయ్యాయి. ఇంతమంది వస్తారని ప్రతి ఏటా తెలిసిందే కదా? గడువు చివరి రాత్రి ఏ ఊళ్లో ఆడిటర్ కార్యాలయానికి వెళ్లినా ఒకటే దృశ్యం. తండ్రి రిటర్ను తెర మీద ఉంటుంది. ఆధార్‌తో ముడిపడిన ఫోను వేరే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది. ఓటీపీ అడిగి తెప్పించుకునేలోపు దాని కాలపరిమితి తీరిపోతుంది, పేజీ మళ్లీ మొదటికొస్తుంది. రిటర్ను వేశాక ధ్రువీకరించడానికి ఒకప్పుడు 120 రోజులుండేవి. 2022 ఆగస్టు నుంచి 30 రోజులే. పౌరుడి గడువులు ఇలా కుంచించుకుపోతున్నాయి.

సాఫ్ట్‌వేర్ చట్టాన్ని మించిపోయిన ఉదంతం కూడా చూశాం. 2024 జూలై 5న, సీజను నడుమ, యుటిలిటీని మార్చి స్వల్పకాలిక మూలధన లాభాల వంటి ప్రత్యేక రేట్ల ఆదాయంపై 87ఎ రిబేటు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి పన్నులో ఇచ్చే తగ్గింపు, అడిగే వీలే లేకుండా చేశారు. ఆ రిబేటు దక్కుతుందా లేదా అన్నది న్యాయపరమైన ప్రశ్న. దాన్ని అధికారి ముందు, అవసరమైతే న్యాయస్థానంలో వాదించుకునే హక్కు పౌరుడికి ఉంది. తెర మీద గడి మూసేస్తే వాదన ఎక్కడ చేయాలి? బొంబాయి హైకోర్టు జోక్యం చేసుకున్నాక గానీ ఆ గడి తెరుచుకోలేదు. ఆలస్యపు రిటర్నుల గడువు 2025 జనవరి 15 దాకా పెరిగింది. షేర్లలో నాలుగు రూపాయలు సంపాదించుకున్న చిన్న మదుపరులు ఆ కొద్ది మొత్తాల కోసం ముంబయి దాకా వెళ్లగలరా?

దొంగ క్లెయిములను పట్టుకోవద్దని మేము అనడం లేదు. రసీదు లేని విరాళాలు, కట్టని అద్దెలు, లేని రుణాలు చూపించి, వచ్చే రిఫండులో ఇంత శాతం కమీషన్ అని మాట్లాడుకుని ఉద్యోగుల పేరిట రిటర్నులు వేసే దళారులు ఉన్నారు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటివారి మీదే. ఆ పని మరింత గట్టిగా సాగాలి. అయితే 2025 డిసెంబరు ద్వితీయార్ధంలో జరిగింది వేరు. రిఫండు క్లెయిములో తేడాలున్నాయి, రిటర్ను నిలిపివేశాం, డిసెంబరు 31లోగా సవరించుకోండి అంటూ ఎంతోమందికి సందేశాలు వచ్చాయి. రిటర్ను వేసి మూడు, నాలుగు నెలలు గడిచాక, సవరణ గడువు ముంచుకొచ్చాక! తేడా ఏ గడిలో ఉందో, ఎంత మొత్తమో చెప్పకుండా ‘తేడా ఉంది’ అంటే తప్పు చేయనివాడు ఏం సవరించాలి? యజమాని ఇచ్చిన ఫారం-16లో, అంటే జీతం, కోసిన పన్ను వివరాల పత్రంలో లేని ఇంటద్దె మినహాయింపును రిటర్నులో నిజాయితీగా అడిగినవారూ భయపడి హక్కును వదులుకుని ఉంటారన్నదే మా ఆందోళన. సవరణ గడువును రుసుముతో మార్చి 31 దాకా పొడిగించాలన్న 2026 బడ్జెట్ నిర్ణయం కొంత ఊరట. శాఖ సందేశం ఆలస్యమైనప్పుడు ఆ రుసుము మాత్రం పౌరుడి నెత్తిన పడకూడదు.

తెలుగువారికి ఇంకో తిప్పలు కూడా ఉన్నాయి. మన పేరులో ఇంటిపేరు ముందుంటుంది, తరచూ ఒక్క అక్షరానికి కుదించుకుంటాం. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా విప్పి చివర వస్తుంది. బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలే ఉంటాయి. ఆధార్‌లో మూడో తీరు. మనిషి ఒక్కడే, పేర్లు మూడు. ఖాతా ధ్రువీకరణ అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌తో ముడిపడని పాన్ 2023 జూలై 1 నుంచి పనిచేయకుండా పోయింది; అలాంటి పాన్‌పై రిఫండూ లేదు, ఆ కాలానికి వడ్డీ కూడా లేదు. దీనికి బ్యాంకుల విలీనాలు తోడయ్యాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో, ఆంధ్రా బ్యాంకు 2020లో పెద్ద బ్యాంకుల్లో కలిసిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. పోర్టల్‌లో తన బ్యాంకు బ్రాంచి పాత కోడే ఉండిపోయిన పింఛనుదారుకు రిఫండు మంజూరై కూడా ఖాతాలో పడక వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ జారీ చేయమని తానే అర్జీ పెట్టుకోవాలి. విలీనాల సంగతి ప్రభుత్వానికి తెలియనిదా? పాత కోడును కొత్త కోడుగా మార్చుకునే బాధ్యత డెబ్బై ఏళ్ల మనిషిది ఎలా అవుతుంది?

అన్నిటికంటే దారుణం, యజమాని జీతం నుంచి పన్ను కోసి ఖజానాకు జమచేయని సందర్భం. మూతపడే దశకు చేరిన కంపెనీల్లో పనిచేసినవారికి ఇది అనుభవమే. కోసిన పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయరాదని 1961 చట్టంలోని 205వ సెక్షన్ చెప్పింది. ఒత్తిడి వసూళ్లు వద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లోనూ, 2016లోనూ ఆదేశాలిచ్చింది. అయినా యజమాని జమచేయని పన్ను శాఖ దగ్గరుండే పన్ను జమల పట్టికలో కనిపించదు కాబట్టి కంప్యూటర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఉద్యోగి పేరిట బాకీ నోటీసు పుడుతుంది. తరవాతి ఏడాది రావలసిన రిఫండును ఆ బాకీ కింద మళ్లించుకునే ప్రమాదమూ ఉంది. చేతిలో జీతపు స్లిప్పులు పెట్టుకుని, చేయని నేరానికి ఆ ఉద్యోగి హైకోర్టు గడప ఎక్కాలి.

అమెరికాలో ఉంటూ హైదరాబాద్‌లో ఫ్లాటు అమ్ముకునే తెలుగువారిదీ ఇలాంటి బాధే. లాభం 20 లక్షలే అయినా, ముందస్తు ధ్రువపత్రం లేకపోతే కొనుగోలుదారు కోటి రూపాయల ధర మొత్తంపై పన్నెండున్నర శాతం, ఆపైన సర్‌చార్జి, సెస్సు కోసి జమచేస్తాడు. కట్టాల్సిన దానికి అయిదు రెట్లకు పైనే.

ఇన్ని చిక్కుల్లో పౌరుడు ఎవరితో మొరపెట్టుకోవాలి? ఒకప్పుడు ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్, అంటే పౌరుల ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి, ఉండేవారు. 2019లో ఆ వ్యవస్థను రద్దు చేశారు. ఫిర్యాదులు ఆన్‌లైన్‌లోనే పరిష్కారమవుతున్నాయన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ ఆన్‌లైన్ ఫిర్యాదుకు ‘మీ రిటర్ను పరిశీలనలో ఉంది’ అన్న జవాబిచ్చి పరిష్కారమైనట్టు మూసేస్తే, అడిగిన ప్రశ్ననే జవాబుగా తిప్పి పంపినట్టు. 2020 ఆగస్టు 13న ప్రధాని ప్రకటించిన పన్ను చెల్లింపుదారుల హక్కుల పత్రం సకాలంలో నిర్ణయం చెబుతామని మాట ఇచ్చింది. ఆ మాట నిలవాలంటే 60 రోజులు దాటి ఆగిన ప్రతి రిఫండుకూ కారణాన్ని, ఏ గడిలో తేడా ఉందో సహా, తెలుగులో కూడా రాతపూర్వకంగా చెప్పాలి. పేరు, హోదా ఉన్న ఒక అధికారికి ఆ ఫైలు అప్పగించాలి. స్వతంత్ర అంబుడ్స్‌మన్‌ను మళ్లీ నియమించాలి; హైదరాబాద్‌కు ఒకరు, విజయవాడకు ఒకరు ఉండాలి.

గట్టిగా అడిగితే మార్పు వస్తుందనడానికి దృష్టాంతం ఉంది. కొత్త చట్టం తొలి ముసాయిదాలో, గడువు దాటి రిటర్ను వేసినవారికి రిఫండే ఇవ్వరాదన్న నిబంధన పెట్టారు. చెల్లింపుదారులు, వృత్తి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. బిల్లును పరిశీలించిన పార్లమెంటు సెలెక్ట్ కమిటీ దాన్ని తొలగించమంది, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన బిల్లులో అది లేదు. వడ్డీ విషయంలోనూ అదే పట్టుదల కావాలి. అర శాతం అన్నచోట ఒక శాతం అని, ఏప్రిల్ 1 అన్నచోట పన్ను కోసిన తేదీ అని మార్చేందుకు వచ్చే ఆర్థిక బిల్లు సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి లోక్‌సభలో ఉన్న 42 మంది సభ్యులు పార్టీలతో నిమిత్తం లేకుండా ఆర్థిక మంత్రిని ఈ సవరణ అడగాలి.