గాదెలో వడ్లకీ తరుగా? ఒక్క శాతం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒక్క శాతం గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ గానీ, ఉభయులమూ కుశలమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నా మ్యూచువల్ ఫండు డబ్బులోంచి ఏటా కోసుకునే కమిషన్ కదా, తమరు కుశలం. ఆ సంగతి ఆరు నెలలకోసారి కాగితం మీద వస్తూనే ఉంది.

మన పరిచయం 2018 మార్చిలో. లాకరు కావాలని బ్యాంకుకి వెళ్లాను. లాకర్లు ఖాళీ లేవన్నారు గానీ, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. టీ తాగి లేచేసరికి మ్యూచువల్ ఫండులో నెలనెలా కట్టే 6,000 రూపాయల సిప్‌కి సంతకం పెట్టేసి ఉన్నాను. "ఇందులో మీకేమైనా ముడుతుందా బాబూ?" అని గుమ్మం దాటబోతూ అడిగితే, "ఏదో ఒక్క శాతం సర్, అది కూడా మీరు కట్టక్కర్లేదు, కంపెనీయే ఇస్తుంది" అన్నాడు ఆ కుర్రాడు. మా బావమరిది నాకంటే ముందే అదే ఫండులో ఉన్నాడట. ఇంకేం కావాలి?

మన భాషలో "ఒక్క" అన్న మాటని నమ్మకూడదని నాకప్పటికే తెలిసి ఉండాల్సింది. "ఒక్క నిమిషం" అన్నవాడు గంట కూర్చోబెడతాడు. "ఒక్క ముద్ద" అన్న అత్తగారు ఆకు నింపేస్తుంది. తమరూ ఆ వంశంవారే.

ఆ ఆదివారం ఊరెళ్లినప్పుడు నాన్నకి చెప్పాను. ఆయన ఆయుష్షులో సగం వడ్ల తరుగు మీద కొట్లాటకే సరిపోయింది. తేమ అని కిలో, తాలు అని కిలో, అడిగితే లారీ వెనక్కి పంపుతామని బెదిరింపు. అందుకే ఆయన లాభం ఎంతని అడగలేదు.

"తరుగెంత తీస్తారు?" అన్నాడు.

"నూటికి ఒకటి నాన్నా."

"క్వింటాకి కిలో. మన మిల్లోడి కంటే నయమే. అమ్మినప్పుడే కదా?"

"కాదు, ఏటేటా."

"అమ్మకపోయినా?"

"అమ్మకపోయినా."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. "గాదెలో ఉన్న వడ్లకి తరుగేందిరా?"

నేను నవ్వాను. చదువుకున్నవాణ్ణి కదా.

తమరి పనితనం గురించి చెప్పుకోవాలంటే అక్కడే చెప్పుకోవాలి. తమరు బిల్లు పంపరు. రసీదు ఇవ్వరు. ఖాతాలోంచి ఒక్క రూపాయి డెబిట్ అయినట్టు మెసేజ్ రాదు. ఏడాది తరుగుని రోజులకు పంచి, ప్రతి రాత్రీ ఎన్ఏవీ, అంటే ఫండు యూనిట్ ధర, లెక్క కట్టేటప్పుడే తమ వాటా తీసుకుని, మిగిలినది నాకు చూపిస్తారు. పాలల్లో నీళ్లు కలిపేవాడు కూడా తెల్లారి గుమ్మం ముందు మొహం చూపించాలి, తమరికి ఆ ఇబ్బంది కూడా లేదు. చిట్టీల చట్టంలో చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ పరిమితిని 2019లో 5 నుంచి 7 శాతానికి పెంచారు. తమరికంటే ఏడింతలు. అయినా పాట రోజున నలుగురి ముందూ గట్టిగా చెప్పి మరీ తీసుకుంటాడు. ఆయన మీద సణుగుతాం. తమరి మీద సణగడానికి తమరు కనబడితే కదా!

పైగా తమరు లాభంలో వాటాదారు కారు, మొత్తంలో వాటాదారు. ఫండు 10 శాతం పెరిగిన ఏడాది తమరిది నా లాభంలో పదోవంతు. 2 శాతం పెరిగిన ఏడాది సగం. పడిపోయిన ఏడాది కూడా తమరికి పస్తు లేదు. ఒక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. 10 లక్షలు ఇరవై ఏళ్లు 11 శాతం చొప్పున పెరిగితే 80 లక్షల 62 వేలు. అదే 10 శాతమైతే 67 లక్షల 27 వేలు. తేడా 13 లక్షల 35 వేలు. అంటే నేను పెట్టిన అసలు కంటే తమరు తిన్న తిండి ఎక్కువ. ఇరవై ఏళ్లు ఇంట్లో ఉన్న చుట్టం కూడా ఇల్లు రాయించుకోడండీ.

తమరి కుటుంబ చరిత్ర కూడా తవ్వాను. పెద్దన్నగారు ఎంట్రీ లోడు, 2.25 శాతం, గుమ్మంలోనే చేయి చాపేవారు. 2009 ఆగస్టు 1 నుంచి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆయన్ని బహిష్కరించింది. 2013 జనవరి నుంచి ప్రతి ఫండులోనూ డైరెక్ట్ ప్లాన్ పెట్టాలంది. అదే ఫండు, అదే మేనేజరు, అవే షేర్లు, మధ్యవర్తి కమిషన్ ఒక్కటే ఉండదు. నాకు టీ ఇచ్చే నాటికి ఆ తలుపు తెరిచి ఐదేళ్లయింది. ఆ తలుపు ఎటుందో టీ ఇచ్చినవాడు చెప్పలేదు, తాగినవాడు అడగలేదు. 2016 నుంచి ఆరు నెలల స్టేట్‌మెంటులో పంపిణీదారుకి ఎంత కమిషన్ వెళ్లిందో రూపాయల్లో వేయమన్నారు. వేస్తున్నారు. నేనే ఆ పేజీ దాకా ఎప్పుడూ వెళ్లలేదు. మొన్న డిసెంబరులో ఆధార్ జిరాక్స్ కోసం మెయిల్ వెతుకుతుంటే తమరు దొరికారు.

అప్పుడు పోదామనుకున్నాను. పోదామనుకోగానే తమరు వేషం మార్చి గుమ్మంలో నిలబడ్డారు. లోపల ఉన్నంతకాలం కనబడని మనిషి, బయటికి వెళ్తానంటే నిలువెత్తు కనబడ్డారు. ఏడాది నిండని యూనిట్లకి ఎగ్జిట్ లోడు, అంటే బయటికి పోయే రుసుము. ఎంతట? ఒక్క శాతం! పైగా రెగ్యులర్ (కమిషన్ ఉన్న ప్లాన్) నుంచి డైరెక్ట్‌కి మారితే, అదే ఫండైనా సరే, అమ్మి మళ్లీ కొన్నట్టేనట. కాబట్టి లాభం మీద పన్ను. బ్యాంకులో ఇప్పుడున్న మేనేజరు (మొదటివాడి తర్వాత ఇతను నాలుగోవాడు, కమిషన్ మాత్రం బదిలీ కాలేదు) ఫోన్ చేసి, "ఇప్పుడు మారితే చాలా ఖర్చు సర్, తొందరపడకండి, డైరెక్ట్‌లో సర్వీస్ ఉండదు" అన్నాడు. ఎనిమిదేళ్లలో వాళ్ల దగ్గర్నుంచి నాకు అందిన సర్వీస్ ఆ ఫోనే.

చాలా ఖర్చంటే ఎంతో చూద్దామని కాగితం తీశాను. ఏడాది నిండిన వాయిదాల మీద కట్టింది 5 లక్షలు, విలువ ఏడున్నర లక్షలు, లాభం రెండున్నర లక్షలు. వాటికి ఎగ్జిట్ లోడు సున్నా. అమ్మేటప్పుడు ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.001 శాతం, అంటే 7 రూపాయల 50 పైసలు. కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 0.005 శాతం, 37 రూపాయల 50 పైసలు. వెరసి 45 రూపాయలు. మా వీధి చివర ఇడ్లీ ప్లేటు. ఇక పన్ను. దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి లక్షా 25 వేలు పోను మిగతా దాని మీద 12.5 శాతం. మొత్తం ఒకేసారి అమ్మితే 15,625, దానిపై సెస్సు 625. అంటే 16,250. మరి కదలకుండా కూర్చుంటే? ఏడున్నర లక్షల మీద తమరి తరుగు ఏటా 7,500. రెండేళ్ల రెండు నెలల్లో ఖర్చు పూడిపోతుంది. ఆ పన్ను కూడా ఎప్పటికైనా కట్టాల్సిందే, ఎవరితో ఉన్నా.

అంతలో మా ఆవిడ వెనకనుంచి కాగితం చూసి, "సగం మార్చి 31 లోపు, సగం ఏప్రిల్‌లో అమ్మితే?" అంది. రెండు ఆర్థిక సంవత్సరాలు, రెండు లక్షా పాతిక వేలు. పన్ను సున్నా. ఆమె ప్రభుత్వ టీచరు. సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి చందా కోసి ఫండులో పెట్టే కొత్త పెన్షన్‌లో ఉంది. ఆ పథకం మీద ఆమెకీ ఆమె సంఘానికీ ఉన్న కోపాలు ఈ లేఖలో పట్టవు, పాత పెన్షన్ కోసం ధర్నాచౌక్‌లో ఎండకి కూర్చుని వచ్చిన మనిషి. కానీ ఫండు నిర్వహణ రుసుము ఒక్కటీ తీసుకుంటే అక్కడ తమరిలో పదోవంతుకి అటూ ఇటూ. నా సొంత ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) ఖాతాలోనూ అంతే. ఫండు మేనేజరు నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఆ మార్పుకి లాభం మీద పన్ను లేదు. తమరు లేకుండా డబ్బు పెరగదన్న మాట నేనెక్కడ విన్నానో గుర్తు లేదు. టీ తాగుతూనే అయి ఉంటుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. తమరు కష్టపడి సంపాదించుకున్న ఇళ్లూ ఉన్నాయి. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా కూలినప్పుడు మా కాలనీలో ఓ పెద్దాయన, ముప్పై ఏళ్ల నాటి ఏజెంటు, ఇంటింటికీ ఫోన్ చేసి "అమ్మకండమ్మా, టీవీ కట్టెయ్యండి" అని చెప్పాడు. అమ్మనివాళ్లకి ఆయన మిగిల్చింది ఆయన కమిషన్ కంటే ఎక్కువే. అదే వారం డైరెక్ట్‌లో ఉన్న నా స్నేహితుడు, ఆపేవాడు లేక, మొత్తం అమ్మేశాడు. ఆ పెద్దాయన గుమ్మంలో తమరు కనబడితే నేనే కుర్చీ వేస్తాను. నా విషయంలో మాత్రం ఆ రోజు ఫోన్ రాలేదు. ఆ నెలాఖరుకి వచ్చింది, టార్గెట్ ఉంది సర్, ఇంకో సిప్ వేస్తారా అని.

మార్చి 27న ఒక విడత, ఏప్రిల్ మొదట్లో రెండో విడత, అయిపోయింది. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "అయితే ఇప్పుడు తరుగే లేదా?" అన్నాడు. ఉంది నాన్నా, డైరెక్ట్‌లోనూ ఫండు నడిపే ఖర్చు ఉంటుంది, కాస్త తక్కువ అన్నాను. "ఉంటే ఉందిలే, కాటా కనబడతుందా?" అన్నాడు. కనబడుతోందన్నాను.

ఇట్లు,
తమరి మాజీ పోషకుడు

తా.క.: రెండో విడతలో లెక్క తప్పి, ఏడాది నిండని రెండు వాయిదాలు కూడా అమ్మేశాను. 120 రూపాయల చిల్లర ఎగ్జిట్ లోడు పడింది. 2012 నుంచి ఆ సొమ్ము తిరిగి ఫండులోనే కలుస్తుందట, అంటే వెళ్లినవాడి తరుగు ఉన్నవాళ్ల గాదెలోకి. మా బావమరిది ఇంకా అందులోనే ఉన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు అతని వాటా ఎంతో అడుగుతాను.