ఆ "8 సీక్రెట్లు" మెసేజ్ దయచేసి నాకు మళ్ళీ పంపొద్దు

పొద్దున్నే ఫోన్ తీస్తే మళ్ళీ అదే. ఈ వారంలో ఐదోసారి. "పెద్ద స్కేల్ రేసింగ్ కార్ కిట్‌కి షోరూమ్ ఫినిష్ – ఎవరూ చెప్పని 8 సీక్రెట్లు" అని పైన రెండు మంట బొమ్మలు, కింద "ప్రతి మోడలర్ తప్పక చదవాలి, కనీసం పది మందికి పంపండి", మధ్యలో ఎవరో కట్టిన 1/12 (అసలు కారులో పన్నెండో వంతు సైజు) టామియా కంపెనీ ప్లాస్టిక్ కిట్, లోటస్ 72డీ అనే పాత ఫార్ములా వన్ రేసు కారు ఫోటో. నలుపు మీద బంగారు గీతలు, అద్దంలా మెరుస్తోంది, చూడగానే లైక్ కొట్టాలనిపించేలా ఉంది, అదే కదా ప్రమాదం.

పంపినవాళ్ళంతా నా మంచి కోరేవాళ్ళే. ఒకడు మా బావమరిది, వాడికి కిట్టు డబ్బాకీ స్వీట్ల డబ్బాకీ తేడా తెలీదు, అయినా "బావా నీకు పనికొస్తుందని" అంటూ పంపాడు. మొదటిసారి నవ్వి ఊరుకున్నా, రెండోసారి దణ్ణం బొమ్మ పెట్టా. కానీ నిన్న రాత్రి మా గ్రూపులో కొత్తగా చేరిన కుర్రాడొకడు, ఇంజనీరింగ్ సెకండియర్, డబ్బులు కూడబెట్టి మొదటి పెద్ద కిట్ కొనుక్కున్నాడు, "అన్నా ఐదో సీక్రెట్‌కి సామాన్లన్నీ తెచ్చేశా, ఆదివారం కొట్టేస్తున్నా" అని పెట్టాడు. అది చూశాక నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఒకటో సీక్రెట్, "టామియా ప్లాస్టిక్ ముందే నున్నగా ఉంటుంది కాబట్టి కడగడం, ప్రైమర్ కొట్టడం దండగ". ప్రైమర్ అంటే రంగు పట్టుకోడానికి ముందు వేసే అడుగు పూత. అయ్యా, నున్నగా ఉండడమే కదా ఇక్కడ సమస్య, రంగు దేన్ని పట్టుకుని వేలాడాలి? పైగా ఎర్ర ప్లాస్టిక్‌లో వచ్చిన బాడీ మీద ప్రైమర్ లేకుండా తెలుపు కొట్టి చూడండి, కొన్నాళ్ళకి గులాబీ రంగు కారు తయారవుతుంది. గులాబీ కారు కావాలంటే చెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండోది, "రంగు చెడితే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచెయ్యండి". రంగు పోతుంది, నిజమే. దాంతోపాటు కారు కూడా పోతుంది. ఎసిటోన్ లేనిది కొన్నా అందులో ఉండే ఈథైల్ ఎసిటేట్ కూడా కిట్టు ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టుకోండి, తర్వాత పాత టూత్ బ్రష్. అయిపోయింది, ముందుకెళ్దాం.

మూడోది రాసినవాడు విశాఖపట్నం ఎప్పుడూ చూసుండడు. "వానాకాలంలో స్ప్రే చెయ్యండి, గాల్లో దుమ్ము అణిగిపోయి ఉంటుంది." దుమ్ము అణుగుతుంది బాబూ, తేమ ఎక్కడికి పోతుంది? లాకర్ అనే ఈ స్ప్రే రంగులో థిన్నర్ గబగబా ఎగిరిపోయేటప్పుడు ఆ వేడి పెయింట్ లోంచే లాక్కుంటుంది, పైభాగం చల్లబడిపోతుంది, గాల్లో తేమ దానిమీద నీరై కూర్చుంటుంది, నిగనిగలాడే నలుపు కొట్టింది కాస్తా పాలు కలిపిన కాఫీ అవుతుంది. నేనూ తెలివితక్కువగా ఒక ఆగస్టు నెలలో, బయట సన్నటి జల్లు పడుతుంటే, నా దగ్గరున్న ఇదే 72డీ ముక్కు భాగానికి టీఎస్-14 (టామియా నలుపు స్ప్రే) కొట్టి, భోంచేసి వచ్చి చూస్తే బూడిద రాసుకున్న సన్యాసిలా ఉంది ముక్క. రిటార్డర్ (ఆరడాన్ని నిదానం చేసే మందు) కలిపిన థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్‌తో పల్చగా, మంచు కురిసినట్టు కొడితే చాలావరకు వెనక్కి వచ్చింది గానీ, అంచుల దగ్గర ఆ తెల్లదనం ఇప్పటికీ నాకు మాత్రం కనిపిస్తుంది. ఇంకెవరికీ కనపడదు, అది వేరే సంగతి.

నాలుగోది, "స్ప్రే కేన్‌ని వాడేముందు నీళ్ళలో పెట్టి మరిగించండి". మరిగించండి అంట. కేన్ మీదే రాసుంటుంది 40, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని, లోపల మండే గ్యాసు ప్రెషర్‌లో ఉంది, దాన్ని గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టమంటున్నాడు మహానుభావుడు. ఇందులో అసలు మాట ఒకటుంది, వాడు దాన్ని పాడు చేశాడు. కేన్ కొంచెం వెచ్చబడితే ప్రెషర్ పెరిగి తుంపర సన్నబడుతుంది, రంగు సాఫీగా పరుచుకుంటుంది, ఇది నేనూ చేస్తా. కానీ స్టవ్ ఆపేసి, చంటిపిల్లకి స్నానం చేయించే నీళ్ళంత వెచ్చగా, రెండు మూడు నిమిషాలు. అంతే.

ఐదోదాన్ని కాసేపు పక్కన పెట్టి ఆరోది చూద్దాం, ఎందుకంటే కోపం రాకముందే కార్ల గురించి కాస్త మాట్లాడుకోవాలని ఉంది.

"రేసింగ్ కార్ అంటేనే కార్బన్ ఫైబర్, కాబట్టి ఛాసిస్ మొత్తం కార్బన్ డెకాల్స్ అంటించండి, కారు నిజమైనదిలా కనిపిస్తుంది." డెకాల్స్ అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కర్లు. దీనికి సాక్ష్యం ఆ 72డీ ఫోటోనే. కాక్‌పిట్ లోపల, సీటు పక్కన, ఎక్కడ చూసినా నల్ల గళ్ళ చాపలా కార్బన్. చాలా ఓపిగ్గా, ఒక్క బుడగ లేకుండా అంటించాడు, ఆ పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ ఎమర్సన్ ఫిట్టిపాల్డీ ఈ నలుపు-బంగారం బండి మీద ఛాంపియన్ అయింది 1972లో. కార్బన్ ఫైబర్ మోనోకాక్‌తో (డ్రైవర్ కూర్చునే, బరువంతా మోసే తొట్టి లాంటి ఛాసిస్) ఫార్ములా వన్‌లో మొదట పరిగెత్తింది మెక్‌లారెన్ ఎంపీ4/1, అది 1981. అంటే ఆ కాక్‌పిట్‌లో ఉన్నది తొమ్మిదేళ్ళ తర్వాత రావాల్సిన సరుకు. 72 టబ్, అంటే ఆ తొట్టి, అల్యూమినియం రేకు, రివెట్లు కొట్టిన రేకు, ముక్కు భాగం, పై కవర్లు ఫైబర్‌గ్లాస్. 1/12 సైజులో ఆ రివెట్లే అందం, టామియా వాళ్ళు అచ్చులో ఒక్కొక్కటీ పొడిచి పెట్టారు, వాటి మీద చాప పరిచేస్తే ఇంక పెద్ద స్కేల్ కొనడం దేనికి? లోపల అల్యూమినియం రంగే రెండు మూడు రకాలుగా, ఒక రేకు కాస్త మెరుపు, ఒకటి కాస్త మసక, అలా వేసి రివెట్ల చుట్టూ నీళ్ళలా పల్చన చేసిన నలుపు రంగు, దాన్నే వాష్ అంటాం, దిగనిచ్చి చూడండి, లోపలికి దూరి కూర్చోవాలనిపిస్తుంది. (ఆ వాష్ ఎనామెల్ అయితే రంగు లేని ఉత్త ప్లాస్టిక్ మీద పారించకండి, బిగిసి ఉన్న చోట పగుళ్ళిస్తుంది.)

కార్బన్ డెకాల్స్ మీద నాకు పగేం లేదు. 1981లో ఇటలీలోని మోంజా రేసులో డ్రైవర్ జాన్ వాట్సన్ ఆ ఎంపీ4/1ని ట్రాక్ పక్క అడ్డుకట్టకేసి కొట్టి, బండి రెండు ముక్కలైనా తను నడుచుకుంటూ బయటికొచ్చాడు, అప్పటిదాకా ఈ గుడ్డా జిగురూ కలిపిన బండిని నమ్మొచ్చా అన్నవాళ్ళందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆ తర్వాతి కాలం కార్లకి, సెన్నా 1991 ఎంపీ4/6కో, మాన్సెల్ 1992 విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ14బీకో కార్బన్ అంటించుకోండి, నేనే వచ్చి డెకాల్‌ని మెత్తబరిచే సాఫ్టర్ రాసిపెడతా. అదే ఎంపీ4/6 ఎరుపు మామూలు ఎరుపు కాదు, టీవీలో ఎర్రగా కనపడాలని కొట్టిన ఫ్లోరోసెంట్, నారింజ కలిసిన ఎరుపు. కింద చక్కటి తెలుపు లేకపోతే ఆ రంగు పలకదు. ఇలాంటి సీక్రెట్ ఒక్కటైనా చెప్పాడా? లేదు. ఎనిమిదింట్లో ఒక్కటి కూడా అసలు కారు ఫోటో చూసి రాసింది కాదు.

సరే, ఐదోది. ఉన్నదున్నట్టు: "ప్రొఫెషనల్ గ్లాస్ ఫినిష్ కావాలంటే కార్ పెయింట్ షాపులో 2కే క్లియర్, హార్డెనర్ తెచ్చుకోండి. దుమ్ము పడకుండా తలుపులు కిటికీలు మూసి, ఏసీ వేసుకుని గదిలోనే కొట్టండి. వాసన పడనివాళ్ళు తడి కర్చీఫ్ కట్టుకుంటే చాలు."

మూడు ముక్కల్లో ఇన్ని రకాలుగా మనిషికి చేటు చెయ్యొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది. 2కే అంటే క్లియర్ (రంగు లేని పై పూత), హార్డెనర్ రెండూ కలిపి కొట్టేది. మామూలు లాకర్ ఆరడమంటే థిన్నర్ ఎగిరిపోవడం, అంతే. 2కే ఆరడం కాదు, గట్టిపడడం. హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, అది క్లియర్‌తో కెమికల్‌గా కలుస్తుంది, అందుకే పెట్రోలు పడినా చెక్కుచెదరదు. స్ప్రే చేసేటప్పుడు లేచే తుంపరలో ఆ ఐసోసయనేట్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుందా, ఇంక ఆ తర్వాత ఏ కాస్త తగిలినా ఆయాసం, పిల్లికూతలు. కార్లకి రంగులేసేవాళ్ళకి పని వల్ల వచ్చే ఆస్తమాకి పేరు మోసిన కారణాల్లో ఇదొకటి. ఎవరికి మొదటిసారికే వస్తుందో, ఎవరికి వందోసారికి వస్తుందో ముందు చెప్పే పరికరం లేదు.

"వాసన పడనివాళ్ళు" అంట! ఐసోసయనేట్ హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకి తెలీదు నాయనా, నీకు కొట్టే వాసన థిన్నర్‌ది. వాసన రాలేదు కాబట్టి బాగానే ఉన్నా అనుకోవడం, చీకట్లో పాము కనపడలేదు కాబట్టి లేదనుకోవడం రెండూ ఒకటే. తడి కర్చీఫ్ రోడ్డు మీద దుమ్ముకి పనికొస్తుంది. ఎన్95 కూడా రేణువుల్ని ఆపుతుంది తప్ప ఆవిరిని ఆపదు. మామూలు లాకర్‌కే బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కూ, గాలి బయటికి తోసే స్ప్రే బూత్ కూడా కావాలి, 2కే కొట్టే సరైన పెయింట్ బూత్‌లలో పైపుతో బయటి నుంచి మంచి గాలి ఇచ్చే హుడ్ పెట్టుకుంటారు. ఏసీ సంగతి సరే, మన ఇళ్ళలో స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటికేం పంపదు. అంటే నువ్వు కొట్టిందంతా నీకే మళ్ళీ మళ్ళీ, చల్లగా, వడ్డిస్తుంది. రాత్రికి అదే గదిలో పడక. ఇంక థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి తలుపు కింద సందులోంచి పోతుంది, పక్క గదిలో అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి ఉంటుంది. మిగతాది మీరే ఊహించుకోండి.

"మరి ఆటోనగర్లో వాళ్ళు కర్చీఫ్ కట్టుకునే కొడతారుగా అన్నా" అన్నాడా కుర్రాడు. కొడతారు. నా స్కూటర్‌కి రంగేసిన పెయింటర్‌ని నేనూ ఇదే అడిగా, మధ్యమధ్యలో దగ్గుతూ "మాకు తప్పదు సార్, మీకేం ఖర్మ" అన్నాడు. ఆయనది పొట్టకూటి పని, అదీ నాలుగు వైపులా తెరిచిన షెడ్డు. మనది ఆదివారం సరదా, అదీ తలుపులేసిన బెడ్‌రూమ్.

ఒకటి ఒప్పుకుంటా, 2కే మెరుపు అద్భుతంగా ఉంటుంది. స్ప్రే బూత్, హుడ్ రెండూ ఉన్నవాళ్ళ దగ్గర చూసి కుళ్ళుకున్నా కూడా. కానీ 72డీకి అది మందమైపోతుంది. 0.1 మిల్లీమీటరు మందం పడిందంటే అసలు కారు మీద 1.2 మిల్లీమీటర్ల క్లియర్ పోసినట్టు లెక్క, రివెట్లన్నీ పాకంలో మునిగిన బూందీలా అయిపోతాయి. తమ్ముడూ, ఆ హార్డెనర్ డబ్బా మూత తియ్యకుండా షాపుకి తిరిగిచ్చెయ్. టీఎస్-13 (టామియా క్లియర్ స్ప్రే) తీసుకో, అదీ మాస్కు పెట్టుకుని మేడ మీద. మొదటి రెండు మూడు కోట్లు దూరం నుంచి పొడిపొడిగా, ఎందుకంటే అది కూడా ఘాటైన థిన్నర్ ఉన్న సరుకే, ఒక్కసారి తడిగా పోస్తే ఆ బంగారు గీతల డెకాల్స్ ముడతలు పడి వేయించిన అప్పడంలా లేస్తాయి. తర్వాతే తడి కోటు. వారం వదిలెయ్. 2000 నంబరు వాటర్ పేపర్ నీళ్ళతో, ఆ తర్వాత 3000, ఆ తర్వాత టామియా కాంపౌండ్ కోర్స్, ఫైన్, ఫినిష్ వరసగా. అంచుల మీద మాత్రం రుద్దకు, నలుపు లేచిపోతుంది. చెయ్యి నొప్పెడుతుంది, ఊపిరి మిగులుతుంది.

ఏడోది, "పాత ఛార్జర్ లోపలి వైర్లు పీకి ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ వైర్లుగా వాడండి". 1 మిల్లీమీటరు వైరంటే అసలు కారులో 12 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత లావు. 7 మిల్లీమీటర్ల అసలు వైరుకి మనకి కావాల్సింది 0.6. ఇంకో తమాషా, ఆ ఫోటోలో వైర్లు ఎగ్జాస్ట్ పైపుల పక్కన గుచ్చి ఉన్నాయి. ఈ కారు ఇంజన్ కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, అందులో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, ప్లగ్ వాటి నడిమధ్యన, అంటే ఒక్కో వైపు వాల్వుల్ని తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌ల మధ్యలో ఉంటుంది. ఎనిమిది వైర్లూ తప్పు చోటే. దీనికి వెయ్యి లైకులు.

ఎనిమిదోది, "విండ్‌స్క్రీన్ గీతలకి టూత్‌పేస్ట్". దీని మీద నేను చాలా వెటకారం చేశా, గ్రూపులో మీమ్ కూడా పెట్టా. మొన్న 72డీ విండ్‌స్క్రీన్ లోపలి వైపు గోరు గీసుకుపోయింది, కాంపౌండ్ అయిపోయింది, ఆర్డర్ పెడితే వారం అన్నారు. ఎవరూ చూడకుండా బాత్రూమ్‌లోకెళ్ళి, మెత్తటి పాత బనియన్ గుడ్డ తడిపి, బఠాణీ గింజంత పేస్టుతో పావుగంట నిదానంగా రుద్దా. గీత పోయింది. పూర్తిగా పోయింది. మామూలు తెల్ల పేస్టే అయ్యుండాలి, జెల్ పనికిరాదు, లోపల పలుకులు పలుకులుగా ఉండేది అసలే వద్దు. మీమ్ తీసేశా.

ఆ కుర్రాడు ఇందాక ఫోన్ చేశాడు, డబ్బా వెనక్కి తీసుకున్నారట, డబ్బులివ్వమంటే బదులు ఏదైనా తీసుకోమన్నారట, వాటర్ పేపర్లు తీసుకోమన్నా. నా బండికి వెనక వింగ్ ఒక్కటే మిగిలింది క్లియర్ కొట్టడానికి, కిటికీలోంచి చూస్తే సముద్రం వైపు మబ్బు పట్టి ఉంది, ఇవాళ కూడా కుదరదు.