గాయాల పద్దు లేనిచోట పరిశోధన ఎక్కడ మొదలవ్వాలి?

ఒడిశాలోని బరంపురంలో తెల్లవారుజామున స్నాచ్ (బరువుల కడ్డీని నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే వెయిట్‌లిఫ్టింగ్ పద్ధతి) సాధన చేసే కుర్రవాణ్ణి పక్కనుంచి గమనిస్తే, కడ్డీ మోకాలు దాటే క్షణంలో ఒంటికి ఎంత ఎడంగా జరుగుతోందో కంటికే తెలుస్తుంది. 100 కిలోల బరువు 10 సెంటీమీటర్లు ముందుకు జరిగితే నడుము మీద దాదాపు 98 న్యూటన్ మీటర్ల టార్క్ (వంచే, తిప్పే బలం) అదనంగా పడుతుంది. ఎత్తే ఊపు తోడైతే అది ఇంకా పెరుగుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి "నడుం పట్టేసిందమ్మా" అని తల్లితో తెలుగులో చెప్పుకున్న ఆ కుర్రవాడే, పోటీకి పంపరేమోనన్న భయంతో మర్నాడు కోచ్‌కు ఒడియాలో ఏమీ లేదంటాడు. ఆ నొప్పి ఏ కాగితం మీదకూ ఎక్కదు.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కె. రవికుమార్‌ది ఈ ఊరే. అటువంటి చోట క్రీడా బయోమెకానిక్స్ (ఆటల్లో ఒంటి కదలికలనూ, దానిపై పడే బలాలనూ కొలిచే శాస్త్రం) చదవాలనుకునే తెలుగు పిల్లలకు దారి లేకపోలేదు. ఫిజియోథెరపీ నుంచి, వ్యాయామ విద్య నుంచి, మెకానికల్ ఇంజనీరింగ్ నుంచి కూడా ఇందులోకి వస్తున్నారు. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. అయితే ఆ చదువు వాళ్లను ఎటు నడిపిస్తోందన్నదే నన్ను కలవరపెడుతోంది.

గాయాల నివారణకు క్రీడా గాయాల పరిశోధకుడు వాన్ మెచెలెన్ బృందం 1992లో నాలుగు మెట్లు చెప్పింది: గాయాలు ఎన్ని, ఎంత తీవ్రమైనవో లెక్కించడం, కారణం కనుక్కోవడం, నివారణ చర్య చేపట్టడం, మళ్లీ లెక్కించి ఫలితం చూడడం. ఫోర్స్ ప్లేట్ (పాదాలు నేల మీద మోపే బలాన్ని కొలిచే పలక), కెమెరాలు ఉన్న ప్రయోగశాల ప్రధానంగా రెండో మెట్టుకు పనికొస్తుంది. పరిశోధన పత్రాలు త్వరగా తయారయ్యేదీ అక్కడే కనుక, ఉద్యోగం, పదోన్నతి కోరే యువ అధ్యాపకులు అక్కడే ఆగిపోతారు. వాళ్లను తప్పుపట్టలేను. ఏళ్ల తరబడి ఒకే మైదానాన్ని అంటిపెట్టుకుని ఉంటే తప్ప నాలుగో మెట్టు ఎక్కలేం. అంత ఓపికకు విశ్వవిద్యాలయాల కొలమానాల్లో తగిన విలువ దక్కడం లేదు.

అందుకే గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఈ శాస్త్రం ఒక నోటుపుస్తకంతో మొదలవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. తేదీ, ఎత్తిన బరువు, నొప్పి చోటు, సాధన ఆగిన రోజులు అందులో ఉండాలి. ఎన్ని గంటలు సాధన చేశారో కూడా రాయాలి, ఎందుకంటే వెయ్యి గంటలకు ఎన్ని గాయాలన్న లెక్క లేకుండా ఒక వ్యాయామశాలను మరోదానితో పోల్చలేం. పట్టేయడం, బెణకడం, లాగడం వేర్వేరు నొప్పులు కాబట్టి, కుర్రవాడు ఇంట్లో వాడిన మాటనే తెలుగులోనో ఒడియాలోనో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. మన రెండు భాషలూ వచ్చిన పరిశోధక విద్యార్థి ఆ పద్దు రెండేళ్లు నడిపితే, దాన్ని పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో మొదటి అధ్యాయంగా పర్యవేక్షకులు అంగీకరించాలి.