జీఎస్టీ గడిలో దొరికిన దొంగ

అమెరికాలోని మన తెలుగు సంఘం ఇక్కడ పెట్టే డిసెంబర్ సభల్లో సాహిత్య గోష్ఠి ఎప్పుడు పెడతారో మీకు తెలిసిందే కదా, సరిగ్గా భోజనాలు మొదలయ్యే టైముకి. అందుకే ఈసారి హైదరాబాద్‌లో ఆ హాల్లో జరిగింది చూసినవాళ్లు మనలో తక్కువ. కథల పోటీకి వచ్చిన కొన్ని కథల్ని రాసినవాళ్ల చేతే చదివించారు, అందులో ఒకటి కూకట్‌పల్లిలో ఉండే ఓ అమ్మాయిది, వాళ్ల అమ్మానాన్నలు మన సంఘంలో ఏళ్ల తరబడి కుర్చీలు మోసి తిరిగొచ్చేసిన వాళ్లే. సికింద్రాబాద్ జనరల్ బజార్లో తాతల నాటి బట్టల కొట్టు, తాతయ్య పోయాడు, గల్లాపెట్టె అడుగున ఒక కాగితం బయటపడింది, అది నిజమైనదా దొంగదా అన్నదే కథ. హత్య లేదు, ఇన్‌స్పెక్టర్ లేడు. చదవడం అయిపోగానే వేదిక మీదున్న పెద్దాయన మైకు అందుకుని "బాగుందమ్మా, ఇకమీదట జీఎస్టీ సాహిత్యం కూడా వినాలన్నమాట మేము" అన్నారు. హాలంతా నవ్వారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ అమ్మాయి కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుని భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయింది. ప్రైజు ఎప్పటిలాగే పెంకుటిల్లు, తులసికోట, ముసలి తల్లి, ఎయిర్‌పోర్టు ఉన్న కథకి వెళ్లింది.

నాకు ఎందుకు అంత కాలిందో ముందే చెప్పేస్తాను, తర్వాత మీరే అంటారు కాబట్టి. మాది జనరల్ బజార్ కొట్టే. మహంకాళి గుడి దగ్గర్నుంచి నడిచొస్తే వచ్చే సందుల్లో ఒక మ్యాచింగ్ సెంటర్, నాన్నది, నాన్నకి వాళ్ల నాన్న ఇచ్చింది. బోర్డు మీద ఇప్పటికీ "అండ్ సన్స్" అనే ఉంటుంది. అమెరికా నుంచి వచ్చేసి ఇప్పుడు మారేడ్‌పల్లిలో ఉంటూ కొట్టు చూసుకునేది నేను, సన్స్ డల్లాస్‌లో ఉన్నారు.

ఆ అమ్మాయి కథలో లోతు ఎంతుందో హాల్లో నవ్వినవాళ్లకి అందలేదు. కథ చెప్పే మనవరాలి అమ్మకి పెళ్లయింది 1983లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తాతల ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకి వర్తించదన్నారు. సో, ఆవిడకి అప్పుడు ఏమీ రాలేదు. మళ్లీ 2005లో కేంద్ర చట్టం మారి పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ హక్కు వచ్చింది, అయితే 2004 డిసెంబర్ 20కి ముందే పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని కదిలించడానికి లేదు. ఇప్పుడు కథలోకి రండి. మేనమామ చేతిలో ఉన్న కాగితం కొట్టు బిల్లు బుక్కులోంచి చింపిన ఒక ఆకు, దాని వెనక "వాటాలు ముట్టినవి" అని తాతయ్య సంతకం, తారీఖు 2003. రిజిస్టర్ కాని కాగితం కోర్టులో నిలబడటం కష్టమని లాయరు అంటాడు, నిజమే, కానీ మన ఇళ్లల్లో కోర్టు కంటే ముందు పెద్దమనుషులు కూర్చుంటారు, అక్కడ సంతకం చూపిస్తే చాలు ఆడపిల్ల నోరు మూసుకోవాలి.

ఆ ఆకు పైభాగం చినిగిపోయి ఉంటుంది, పాతకాగితం కదా అని అందరూ వదిలేస్తారు. సెలవుల్లో తాతయ్య పక్కన కూర్చుని బిల్లులు రాసిన మనవరాలు మాత్రం కాగితం తిప్పి గడులు చూస్తుంది. వివరం, మీటర్లు, రేటు, మొత్తం, వీటి మధ్యలో ఇంకో సన్నని గడి, హెచ్‌ఎస్‌ఎన్ అని, జీఎస్టీ బిల్లుల్లో సరుకు కోడు రాసేది. జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న. అంతకుముందు మా బజార్లో రిటైల్ కొట్టు బిల్లు బుక్కులో ఆ గడి ఎందుకుంటుంది చెప్పండి? పైన 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్టీ నంబరు ఉంటుందని తెలిసి ఎవరో ఆ ముక్క మటుకు చింపారు, గడి సంగతి మర్చిపోయారు. చింపింది ఎవరో నేను చెప్పను, మీరనుకునే మనిషి అయితే కాదు.

ఇది జీఎస్టీ సాహిత్యమా? అన్నట్టు ఆ రోజు వేదిక మీద అందరికీ కప్పిన శాలువాలు కూడా మా బజార్ నుంచి వచ్చినవే, ఆ బిల్లు మీదా ఆ గడి ఉంటుంది.

ఇంగ్లీషులో ఇలాంటి కథల్ని కోజీ మిస్టరీ అంటారు. రక్తపాతం కంటికి కనపడదు, తేల్చేది పోలీసు కాదు, ఊళ్లో బేకరీ నడిపే ఆవిడో, లైబ్రేరియనో, ఊలు దారాలు అమ్మే ఆవిడో. వారసత్వంగా వచ్చిన కొట్టు అన్నది అందులో అరిగిపోయిన ఏర్పాటే. మీరుండే చోటే, మేరీలాండ్ వైపు, వీటి కోసమే మాలిస్ డొమెస్టిక్ అని ఒక సభ ఉంది, 1989లో మొదలైంది, అవార్డులు కూడా ఇస్తారు. మనవాళ్ల పిల్లలు అవి చదువుతూనే పెరిగారు. తెలుగులో రాస్తే మాత్రం నవ్వుతాం.

బట్టల కొట్టులో మిస్టరీ ఏముంటుంది అని అడిగారు నన్ను ఒకాయన కాఫీ దగ్గర. ఏముండదండీ? మా కౌంటర్ దగ్గరికి వచ్చే ప్రతి ఆడమనిషీ డిటెక్టివే. ట్యూబులైటు కింద రంగు నమ్మదు, చీర ఒక చేత్తో జాకెట్ గుడ్డ ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగి ఎండలో పెట్టి చూస్తుంది, లోపల ఒకేలా కనపడిన రెండు మెరూన్లు బయట వేరైపోతాయి. పోచంపల్లి అంటే వెనక్కి తిప్పి చూస్తుంది, ఇకత్‌లో నూలుకే ముందు రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, ప్రింటు కొట్టిన నకిలీ అయితే వెనక వెలవెలబోతుంది. ఇంకా అనుమానం ఉంటే అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అడుగుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిపితే పొడైపోతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

మా కొట్టులోనే ఒక కేసు నడిచింది. నాన్న పోయాక మా తమ్ముడు డల్లాస్ నుంచి లెక్కలన్నీ ఎక్సెల్‌లో పెట్టించాడు, కెమెరా బిగించాడు, అక్కడ రాత్రి పడుకునే ముందు ఇక్కడ బోణీ చూసి పడుకుంటాడు. నెల తిరిగేసరికి తేలింది ఏమిటంటే అస్తరు గుడ్డ తక్కువొస్తోంది. కొన్న మీటర్లకీ బిల్లయిన మీటర్లకీ తేడా, ప్రతి తానులోనూ. పట్టు తక్కువ రాదు, ఫాల్స్ తక్కువ రావు, అస్తరూ, జాకెట్లకి కొనే టూ బై టూ గుడ్డా మాత్రమే. తమ్ముడి వేలు నాన్నతో పాటే ముసలాడైన మా సేల్స్‌మన్ మామ మీదికి వెళ్లింది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెద్ద చర్చ, మాన్పించేద్దామని ఒకరు, పోలీసులకి చెప్దామని ఇంకొకరు, కొట్టు గడప తొక్కి ఎన్నేళ్లయిందో కూడా గుర్తులేని వాళ్లందరూ.

నేను ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, అంతే. మీటరు కడ్డీ ఇనపది, తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉంది, అందులో ఏ తేడా లేదు. ఆయన గుడ్డని కడ్డీ వెంట లాగి చివరికి వచ్చేసరికి బొటనవేలుతో నొక్కి పడతాడు, వేలు కడ్డీ కొసకి అవతల పడుతుంది, కత్తెర గాటు పెట్టేది వేలు దాటాకే. ఆ గాటు దగ్గర రెండు చేతులా పట్టుకుని చర్రున చింపుతాడు. కెమెరా పైనుంచి చూస్తుంది, దానికి కనపడేది ఆయన అరచెయ్యి. బొటనవేలి వెడల్పు ఒక అంగుళం అనుకున్నా జాకెట్లకి మీటరు మీటరు కోస్తే ఇరవై మీటర్ల తానులో అరమీటరు పోతుంది. పట్టు చీర కొలిచి కొయ్యరు కాబట్టి అక్కడ తేడా రాదు. 

ఏంటి మామా ఇది అంటే ఆయన తల కూడా ఎత్తలేదు. "కొసరు బిడ్డా. మీ నాయనే నేర్పిండు. అస్తరు కడిగితే గుంజుకపోతది, జాకెట్ బిగుతైతే దర్జీని తిట్టరు, మనల్నే తిడ్తరు. మళ్ల రారు." 

అది దానధర్మం ఏమీ కాదు, నాన్న అంత మెతక మనిషీ కాదు, వేలెడు గుడ్డ పోతే పోయింది గిరాకీ పోకూడదు అన్న వ్యాపారం. అదే మనిషి ఆ మామకి ఒక్క పండక్కి కూడా జీతంతో సెలవివ్వలేదు, బోర్డు మీద నా పేరుకి చోటివ్వలేదు. కానీ ముక్కూమొహం తెలియని గిరాకీకి కడ్డీ దాటి కొలిచేవాడు. తమ్ముడికి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు, మర్నాటికి ఎక్సెల్ షీట్లో "కొసరు" అని కొత్త కాలమ్ కనపడింది. మామ ఇప్పటికీ వస్తున్నాడు.

పెద్దాయన వైపు కూడా చూద్దాం. ఆయన తరానికి డిటెక్టివ్ పుస్తకం అంటే రైల్వే స్టేషన్లో కొనుక్కుని క్లాసు పుస్తకం మధ్యలో దాచుకునేది, అట్ట మీద రివాల్వరూ సగం చీరా. దాన్ని గోష్ఠి దాకా తేవడం ఆయనకి మింగుడుపడలేదు, అర్థం చేసుకోగలను. ఇప్పుడొచ్చే మిస్టరీల్లో చాలావాటికి ఇంగ్లీషు పల్లెటూరే బనగానపల్లె అయిపోతుంది, పేర్లు మార్చి మంచు తీసేస్తే చాలనుకుంటారు, అదీ నిజమే. పోటీ నిబంధనల్లో "తెలుగు సంస్కృతి, సంప్రదాయాలు ప్రతిబింబించాలి" అన్న లైను ఉంది, జడ్జీలు దాన్ని పట్టుకున్నారు, వాళ్లనీ పూర్తిగా తప్పు పట్టలేను.

కానీ ఆ లైను రాసినప్పుడు మనం అనుకున్న సంస్కృతి ఏంటి? ముగ్గులూ గొబ్బెమ్మలేనా? మనలో ఎంతమందికి ఇక్కడ ఒక కొట్టో, మిల్లో, మేడో ఉంది, ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంపకాల గొడవ నడుస్తోంది, ఎంతమంది అక్కచెల్లెళ్లు "నాకేం వద్దులే" అని సంతకం పెట్టి లోపల కుమిలిపోతున్నారు. దాన్ని ఏడవకుండా, తిట్టుకోకుండా, ఒక బిల్లు గడి పట్టుకుని నవ్విస్తూ చెప్పింది ఆ పిల్ల. ఇంకో తులసికోట కథలో ఈ దమ్ము ఎక్కడుంది? ఇలాంటి కొట్లు ఒక్కొక్కటే షోరూములకి వెళ్లిపోతున్నాయి, ఖాతా పుస్తకాలు తూకానికి పోతున్నాయి. వాటితో పాటే ఈ కథలు.

కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే పోటీలో ఆ లైను తీసెయ్యండి, తియ్యలేకపోతే దాని కింద అపరాధ పరిశోధనకి విడిగా ఒక విభాగం పెట్టండి, ప్రైజు డబ్బులు నేనిస్తాను, నా పేరు వెయ్యక్కర్లేదు. గోష్ఠిని భోజనాలకి ముందు పెట్టండి. పెద్దాయన ఆ అమ్మాయికి ఒక ఫోన్ చేస్తే ఆయన పెద్దరికం ఏమీ తగ్గదు. కొట్టు అమ్మకానికి పెట్టినవాళ్లు కనీసం ఒక ఆషాఢం సీజన్ గల్లా దగ్గర కూర్చుని ఆ తర్వాత అమ్ముకోండి.

ఆ కథ ఎడిటర్ గారి దగ్గరే ఉంది. ఉగాది సంచికలో వెయ్యమని అడిగితే పేజీలు లేవన్నారు. సభ ఫోటోలకి ఇచ్చే వాటిలోంచి ఒక ఆరు పేజీలు తియ్యండి సార్, శాలువా కప్పే ఫోటోలు ఎలాగూ అన్నీ ఒకేలా ఉంటాయి.