తొమ్మిదో తరగతిలో చేతికిచ్చే టీసీ

తొమ్మిదో తరగతి ముగిసే ముందు కొందరు తల్లిదండ్రులకు స్కూలు నుంచి ఫోన్ వస్తుంది. 'మీవాడు బోర్డు పరీక్ష తట్టుకోలేడు, మీరే ఆలోచించుకోండి' అంటారు. పంపేస్తున్నామని ఎక్కడా రాయరు. తల్లిదండ్రులే అడిగి టీసీ తీసుకున్నట్టు కాగితం తయారవుతుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి పంపేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ రక్షణ ముగిసిన మరుసటి ఏడాదే ఈ ఫోన్లు మొదలవడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

బెంగళూరు కేఆర్ పురంలో ఉండే ఒక అనంతపురం కుటుంబానికి అలాంటి ఫోనే వచ్చింది. తండ్రి ఉద్యోగం కోసం వాళ్లు ఈ ఊరు వచ్చేనాటికి పిల్లవాడు ఏడో తరగతి. తెలుగు అప్పుడప్పుడే కుదురుగా చదవడం వచ్చింది, అంతలో కన్నడ, హిందీ ఒకేసారి మీద పడ్డాయి. వాడి లెక్కల నోట్‌బుక్ నేను చూశాను. పద్ధతి సరిగ్గానే ఉంటుంది, మూడో మెట్టు దగ్గర 43 కాస్తా 34 అయిపోతుంది. అక్కడి నుంచి అంతా తప్పే. పేజీ పేజీకీ ఎర్ర సిరాతో 'కేర్‌లెస్' అని రాసి ఉంది. అంకెలు ఎందుకు తారుమారవుతున్నాయని ఒక్కరూ అడగలేదు. చివరికి మానసిక, నరాల వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా అని, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యమని తేలింది. అప్పటికి వాడికి పద్నాలుగేళ్లు దాటాయి. తాను మొద్దునని వాడు నమ్మేసి కూడా చాలాకాలమైంది.

ఇప్పుడు కనకపుర రోడ్డు వైపు ఒక చిన్న ప్రత్యామ్నాయ పాఠశాలలో చదువుతున్నాడు. అక్కడ వడ్రంగం పని ఉంది. చెక్క కోయాలంటే టేపు మీద ఐదు బై ఎనిమిది అంగుళం ఎక్కడుందో వెతకాలి, అందులో సగం గుర్తు పెట్టాలి. తప్పు కొలిస్తే చెక్కలు అతకవు, విప్పి మళ్లీ కొలవాలి. భిన్నాలంటే వణికిన పిల్లవాడు రెండు నెలల్లో పుస్తకాల అర ఒకటి చేశాడు. అలాగని లెక్కలన్నీ వచ్చేశాయా అంటే, లేదు. ఆల్జీబ్రా ఇంకా కష్టంగానే ఉంది. కానీ తప్పు వస్తే పేజీ చించేయడం మానేశాడు. నా దృష్టిలో అసలు మార్పు అదే.

పరీక్షకు ఎన్ఐఓఎస్‌లో కట్టాడు. మనవాళ్లు 'ఓపెన్ స్కూల్' అనేది దీన్నే. 'అయ్యో, ఓపెన్‌లో కట్టిస్తున్నారా' అని చుట్టాలు జాలిపడ్డారు. ఇది 1989 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు, భాషగా తెలుగు తీసుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. అన్నీ ఒకేసారి రాయాలన్న నిబంధన లేదు, ఐదేళ్ల గడువులో ఒక్కొక్కటిగా గట్టెక్కవచ్చు. ఆ సర్టిఫికెట్‌తో పై చదువులకు వెళ్లవచ్చు. ఇందులో జాలిపడాల్సింది ఏముంది?

ప్రత్యామ్నాయ విద్య మనకు కొత్తదేమీ కాదు. తాత్వికుడు జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో, ఆయన ఆలోచనలతో నడిచే రిషీవ్యాలీ స్కూలు ఉన్నది ఆ పక్కనే. అదే బాటలో బెంగళూరులో వ్యాలీ స్కూల్ 1978లోనే మొదలైంది. అయితే ఇలాంటి బళ్లలో సీట్లు తక్కువ, చాలాచోట్ల ఫీజులు మధ్యతరగతికి భారం. కేఆర్ పురం నుంచి అంత దూరం రోజూ పంపడం ఎంతమందికి కుదురుతుంది? అందుకే ఈ పిల్లవాడి కథ విని 'మంచి స్కూలు దొరికింది, అదృష్టవంతుడు' అంటే నాకు బాధగా ఉంటుంది. వాడికి దొరికినవి కాస్త సమయం, తప్పు ఎక్కడ జరుగుతోందో చూసే ఒక టీచరు. ఇవి మామూలు బడిలోనూ ఇవ్వగలిగినవే.

ఇవ్వాలని చట్టమూ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ఆ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అవసరమైతే రాసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఆ తల్లికి పాత స్కూలు ఎప్పుడూ చెప్పలేదు. టీసీ ఇచ్చిన రోజు కూడా చెప్పలేదు.

కాబట్టి పిల్లల్ని చేర్చేటప్పుడు ర్యాంకుల గురించి అడిగే మన తెలుగు తల్లిదండ్రులు ఇంకో లెక్క కూడా అడగాలి. ఈ ఏడాది పదో తరగతి రాసిన బ్యాచ్‌లో, రెండేళ్ల క్రితం ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉండేవారు? వాళ్లలో ఎంతమంది ఇక్కడే పరీక్ష రాశారు? ప్రతి స్కూలూ ఈ రెండు అంకెలు ఏటా నోటీసు బోర్డు మీద పెట్టేలా విద్యాశాఖ ఆదేశించాలి. హాజరు పట్టీలు స్కూళ్ల దగ్గరే ఉన్నాయి, కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు.