ఆ అల్యూమినియం మెసేజ్ నాకు పంపకండి

ఈ వారంలో ఐదోసారి వచ్చింది. "అల్యూమినియం ఏ యాసిడ్‌లో వేసినా క్షణాల్లో కరుగుతుంది. యాసిడ్ ఎంత ఘాటైతే అంత వేగం. వెంటనే నురగ రాకపోతే అది నకిలీ లోహం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న సీసాలో ఫాయిల్ ముక్కలు వేసి మూత బిగిస్తే మురికి వదిలించే లిక్విడ్ రెడీ. పులుపును అల్యూమినియం గిన్నెలో ఉంచకూడదు." కింద దండం బొమ్మ, పదిమందికి పంపమని.

ఘాటు సంగతికి నైట్రిక్ యాసిడ్ ఒక్కటి చాలు. గాఢ నైట్రిక్‌ను నిల్వ చేసేదే అల్యూమినియం ట్యాంకుల్లో! గాలి తగిలి లోహం మీద ఏర్పడి దాన్ని కాపాడే సన్నని ఆక్సైడ్ పొరను అది తినదు సరికదా, ఇంకా గట్టిపరుస్తుంది. నీళ్లు కలిపి పలచన చేశాకే కొరకడం మొదలెడుతుంది.

నకిలీ పరీక్షట! పలచని హైడ్రోక్లోరిక్‌లో అసలైన ఫాయిల్ వేసినా మొదట ఏమీ జరగదు. కాసేపటికి అంచుల్లో సన్నని బుడగలు. ఆ తర్వాత ఒక్కసారిగా పొంగుతుంది, పరీక్షనాళిక చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. ఆ ఆలస్యం పొర తొలగడానికి పట్టే సమయం, అంతే.

ఇక ఆ మూత. రాసిన మహానుభావుడు ముందు తన సీసాకు బిగించి, పక్కనే నిలబడి చూపించాలి. ఒక్క గ్రాము అల్యూమినియం పూర్తిగా కరిగితే సుమారు 1.3 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. పది గ్రాములకు 13 లీటర్లు. లీటరు సీసాలో అదెక్కడికి పోవాలి? పైగా వేడి పెరిగేకొద్దీ చర్య వేగం పెరుగుతుంది. మొదట బుడగల్లేవు కదా అని ఇంకో నాలుగు ముక్కలు వేసి మూత బిగించేవాళ్లుంటారు, నా భయమంతా అదే. సీసా పగిలితే మొహం మీద పడేది మరుగుతున్న యాసిడ్. "మూత వదులుగా పెడతాం" అంటారా? గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఎంతున్నా అంటుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంత చేశాక చేతికొచ్చేదేమిటి? యాసిడ్ బలమంతా ఫాయిల్‌ను కరిగించడానికే ఖర్చై, అల్యూమినియం క్లోరైడ్ కలిసిన నీళ్లు! యాసిడ్‌ను పాడుచేసుకోవడానికి ఇంతకన్నా ప్రమాదకరమైన దారి నాకు తెలీదు.

పులుపు మాట కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ అది నిజమే. సిట్రిక్, ఎసిటిక్ బలహీనమైన యాసిడ్లే అయినా గంటల తరబడి ఉంటే కొద్దికొద్దిగా లోహాన్ని లాగుతాయి. ఉప్పు తోడైతే అందులోని క్లోరైడ్ ఆ ఆక్సైడ్ పొరకు చిల్లులు పెడుతుంది. అలా నిల్వ ఉంచుతూ వచ్చిన గిన్నెను కడిగి వెలుతురులో వంచి చూడండి: పులుపు ఉన్న మట్టం దాకా మెరుపు పోయి, సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు కనిపిస్తాయి.