చీమతలకాయంత అక్షరాల్లో అసలు సంగతి

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ సెకండియర్. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మావయ్యా, 5070 కొంటే 4090 కొన్నట్టేనట కదా, నువ్వొక మాట నాన్నకి చెప్పవా" అన్నాడు. రెండూ ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డులు, అంటే కంప్యూటర్‌లో గేముల బొమ్మలు గీసే భాగాలు, 4090 పాతది, ఖరీదైనది, 5070 కొత్తది, చవకది. వాడి తప్పేం లేదు పాపం, 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన స్టేజీ మీద ఎన్విడియా పెద్దాయన జెన్సెన్ హువాంగ్ తళతళలాడే జాకెట్ వేసుకుని స్వయంగా చెప్పిన మాటే అది, 549 డాలర్లకే 4090 పెర్ఫార్మెన్స్ అని. 4090 వచ్చినప్పుడు దాని రేటు 1599 డాలర్లు. అంటే మూడో వంతు డబ్బుకి అదే సరుకు. హాలంతా చప్పట్లు. ఏఐ లేకపోతే ఇది అయ్యే పని కాదని కూడా ఆయన అదే ఊపులో అన్నాడు గానీ ఆ ముక్క ఎవడికి గుర్తుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 4090లో కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు, 16384, మెమరీ 24 జీబీ. 5070లో కోర్లు 6144, మెమరీ 12 జీబీ. ఇది దానితో ఎలా సమానమైందయ్యా అంటే, ఫ్రేమ్ జనరేషన్. ఫ్రేమ్ అంటే తెర మీద కదిలే బొమ్మలో ఒక్కో బొమ్మ. కార్డు నిజంగా గీసే ఫ్రేమ్ ఒకటి, దాని పక్కన ఏఐ ఊహించి పెట్టే ఫ్రేములు మూడు. పాత 4090కి అలా ఒక్క ఫ్రేమే పెట్టడం వచ్చు, కొత్త 5070కి మూడు వచ్చు. రెండిటి మీదా మీటర్ సెకనుకి 200 ఫ్రేములు చూపిస్తోందనుకోండి, 4090 అందులో 100 నిజంగా గీసింది, 5070 గీసింది 50. లీటరు పాలల్లో మూడు లీటర్ల నీళ్ళు పోసి నాలుగు లీటర్లు అమ్ముతా అన్నవాడిని మన వీధిలో ఏమంటాం? ఇక్కడ మాత్రం టెక్నాలజీ అంటాం.

సరే, పాపం ఆ టెక్నాలజీ చెత్తది కాదు, ఒప్పుకుంటా. కంటికి నున్నగా ఉంటుంది, మా ఫ్రెండ్ ఇంట్లో చూశా, బాగుంది. కానీ మౌస్ కదిపితే స్పందించేది ఆ అసలు ఫ్రేములే, ఊహించి పెట్టినవి మీ చెయ్యి ఎటు వెళ్తోందో చూసి గీసినవి కావు. పైగా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెట్టుకునేవాడికి, అంటే సీన్‌ని పూర్తి బొమ్మగా తయారు చేయించుకునేవాడికి, ఈ మాయ ఒక్క రూపాయి పని చెయ్యదు, 12 జీబీలో పట్టని సీన్ ఏఐ వచ్చి సర్దిపెట్టదు. అదే ఏడాది మార్చిలో కార్డు బయటికొచ్చాక టెస్ట్ చేసినవాళ్ళు ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి చూస్తే అది పాత తరంలోని మధ్యరకం కార్డు 4070 సూపర్ పక్కన కూర్చుంది, 4090 ఎక్కడో దూరంగా కనపడింది.

నాకు మండేది ఏంటంటే, ఆ మాటలో అబద్ధం ఎక్కడుందని వెతికితే దొరకదు. వాళ్ళు ఎంచుకున్న గేము, వాళ్ళు ఎంచుకున్న సెట్టింగు, వాళ్ళు ఎంచుకున్న పోటీదారు, ఆ మూడూ కుదిరినచోట అది నిజమే. ఆ మూడూ ఏంటో రాసి కూడా ఉంటుంది, స్లైడు కింద చీమతలకాయంత అక్షరాల్లో. అదే లాంచ్‌లో ఇంకో గ్రాఫ్ చూశా, ఏఐతో బొమ్మలు గీసే ఫ్లక్స్ మోడల్‌ది, పాత కార్డుకి 8 బిట్ లెక్క, కొత్త కార్డుకి 4 బిట్ లెక్క, అంటే అంకెల్ని బాగా కుదించి చేసే తేలిక లెక్క. ఒకడికి రెండు బస్తాలు ఎత్తి ఇంకొకడికి ఒక బస్తా ఎత్తి వీడే ఫాస్ట్‌గా నడిచాడు అన్నట్టు. కింద రాశారు కదా, ఇంక మోసం ఎలా అవుతుంది!

ఎన్విడియాని తిడుతున్నానని దాని పోటీ కంపెనీ ఏఎమ్‌డీ ఫ్యాన్స్ నవ్వుకోకండి, మీ సంగతీ ఉంది. 2011లో బుల్డోజర్ అనే ప్రాసెసర్ చిప్పులు వచ్చినప్పుడు డబ్బా మీద 8 కోర్లు అని రాశారా, తీరా లోపల చూస్తే రెండేసి కోర్లకి కలిపి ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్, అంటే దశాంశాల లెక్కలు చేసే భాగం. ఎనిమిది పోర్షన్ల ఇల్లని అద్దెకిచ్చి, చేరాక చూస్తే ఇద్దరిద్దరికీ ఒకే వంటగది అన్నమాట. పోర్షనే కదా, తలుపు వేరే కదా అంటాడు ఓనర్. అసలు కోర్ అంటే ఏంటి అని అమెరికా కోర్టులో 2015 నుంచి నడిచి నడిచి 2019లో 1 కోటి 21 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది, ఏఎమ్‌డీ తప్పైతే ఒప్పుకోలేదు. అదీ కాలిఫోర్నియాలో కొన్నవాళ్ళకి, కంపెనీ వెబ్‌సైట్ చూసి కొన్నవాళ్ళకి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నవాడికి గుండు సున్నా.

ఇంటెల్‌దైతే ఇంకా కామెడీ. తమ పెంటియం 4 ప్రాసెసర్ గొప్పగా కనపడేలా బెంచ్‌మార్కుల్ని, అంటే స్పీడు కొలిచే టెస్టుల్ని, మలిచారని కేసు వేస్తే, అప్పట్లో కొన్నవాళ్ళకి 15 డాలర్లు ఇస్తామని సెటిల్ చేసుకున్నారు, ఎప్పుడో తెలుసా, 2014లో. ఆ కంప్యూటర్ పాత సామాన్లవాడికి వేసేసి ఎన్నేళ్ళైంటుందో. వీళ్ళ నోటి నుంచి కూడా తప్పు జరిగిందనే మాట రాలేదు. యాపిల్ వాళ్ళు 2003లో పవర్ మ్యాక్ జీ5 ప్రపంచంలోనే అన్నిటికన్నా ఫాస్ట్ పర్సనల్ కంప్యూటర్ అని టీవీలో ఊదరగొడితే, బ్రిటన్‌లో కేవలం ఎనిమిది మంది ప్రేక్షకులు కంప్లైంట్ చేశారు, అక్కడి రెగ్యులేటర్ ఆ యాడ్ ఆపించేసింది. ఎనిమిది మంది! మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లిఫ్ట్ గురించి ఏడ్చేవాళ్ళు అంతకన్నా ఎక్కువ ఉంటారు.

ఇంక నా సొంత ఏడుపు. మూడేళ్ళ కింద సీటీసీలోనే ఒక లాప్‌టాప్ కొన్నా, కంపెనీ పేరూ షాపు పేరూ చెప్పను. సన్నగా ఉంది, బరువు లేదు, గ్రాఫిక్స్ కార్డు పేరు పెద్ద స్టిక్కర్. షాపతను "సార్ అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు, ఆ ఒక్క మాటకి పడిపోయా. నా కొలీగ్ దగ్గర ఇటుకరాయి లాంటి ఇంకో లాప్‌టాప్, కార్డు పేరు అదే, అక్షరం తేడా లేదు. ఇద్దరం ఒకే ఫైలు రెండర్‌కి పెట్టాం. వాడిది అయిపోయి, ఇద్దరం కిందకెళ్ళి చాయ్ తాగి, వాడు సిగరెట్ కూడా కాల్చుకుని వచ్చేసరికి కూడా నాది ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు తెలిసింది, లాప్‌టాప్‌లో కార్డు పేరు ఒకటే అయినా దానికి ఎన్ని వాట్ల కరెంటు వదలాలో లాప్‌టాప్ చేసినవాడి ఇష్టమట. 4050 లాప్‌టాప్ చిప్ సంగతే తీసుకోండి, 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా పెట్టుకోవచ్చు. అంతెందుకు, లాప్‌టాప్ 4090 అని అమ్మేదాంట్లో కోర్లు 9728, డెస్క్‌టాప్ 4090లో 16384, అసలు లోపలి చిప్పే వేరు, పేరు మాత్రం అదే. నా డబ్బా మీద వాట్లు ఎక్కడున్నాయో అని అటూ ఇటూ తిప్పి చూశా, లేదు. ఇది మనకి కొత్తా అంటే కాదు, చిన్నప్పుడు ఇంట్లో కంప్యూటర్ స్పీకర్ల డబ్బా మీద పీఎంపీఓ అని, అంటే ఒక్క క్షణానికి వచ్చే గరిష్ఠ పవర్ అని, వెయ్యి వాట్లు రాసి ఉండేది, దాని అడాప్టర్ చూస్తే పట్టుమని 12 వాట్లు.

అయినా మనం అంత అమాయకులం కాదు కదా. ఆషాఢంలో చీరల షాపు బోర్డు మీద "70% వరకు" అని ఉంటే ఆ "వరకు" ఎంత చిన్నగా రాశాడో మా అమ్మ రోడ్డు అవతల నుంచే పట్టేస్తుంది, ఆ 70 ఏ మూల గుట్టలో ఉన్న రంగు వెలిసిన చీరకో కూడా చెప్పేస్తుంది. అదే లాప్‌టాప్ బ్యాటరీ "18 గంటల వరకు" అంటే మాత్రం లక్ష పెట్టి తెచ్చుకుంటాం. ఆ 18 గంటలు వెలుతురు బాగా తగ్గించేసి, ఒకే వీడియో తిప్పి తిప్పి చూస్తే వచ్చేవి అని ఎవడు చదువుతాడు.

మనకి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2022 జూన్‌లో వచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం యాడ్‌లో గొప్ప ఏ భాషలో చెప్తే కింద షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాల తీరు (ఫాంట్) కూడా అదే ఉండాలి. తప్పుదారి పట్టించే యాడ్‌కి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా ఫైన్ వెయ్యొచ్చు. కంప్లైంట్‌కి 1915 నంబరు ఉంది. నేను నా లాప్‌టాప్ గురించి చేశానా? చెయ్యలేదు, బద్ధకం, పైగా డబ్బా మీద రాసిన పేరు నిజమే కదా అని నాకు నేనే వాళ్ళ తరఫున వాదించుకున్నా.

మేనల్లుడికి ఇదంతా అరగంట చెప్పా. కొనొద్దనలేదు, 5070 అనుకుని కొనుక్కో, 4090 అనుకుని కొనకు, ఫ్రేమ్ జనరేషన్ ఆపేసిన టెస్టులు చూసి అప్పుడు మీ నాన్నని అడుగు అన్నా. "సరే మావయ్యా" అని పెట్టేశాడు, హమ్మయ్య అనుకున్నా. రెండు నిమిషాలకి ఇంకో లింకు, వెనకే మళ్ళీ ఫోను, "పోనీ ఇది చూడు, ఏఐ పీసీ అట, సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేస్తుందట, 40 టాప్స్ ఉన్నాయట". వెనక నుంచి మా అక్క గొంతు, "ఏం టాప్స్ రా, బంగారమా?"